తుప్పల చాటు జంతువు, నడినెత్తిన ఎండ: ఇలాంటప్పుడు ఫొటో ఎలా తీస్తారు?

#1 తుప్పలదారి

అందరికీ నమస్కారం. ఇక్కడి చర్చలు చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు. మూడేళ్లుగా నీటిపక్షుల్ని తీస్తున్నాను. ఈమధ్యే అడవిలోకి వెళ్లడం మొదలుపెట్టాను. నీళ్ల ఒడ్డున పనికొచ్చిన పద్ధతి ఒక్కటీ ఇక్కడ పనిచేయడంలేదు.

మొన్న జరిగింది చెప్తాను. పొద్దున పది దాటింది, ఎండ చుర్రుమంటోంది. దారికి సుమారు 20 మీటర్ల లోపల తుప్పల కింద చిరుత పడుకుని ఉంది. అరగంటసేపు లేవలేదు. వాహనంలోంచి బీన్ బ్యాగ్ (గింజలు నింపిన సంచి) మీద లెన్స్ ఆనించి 140 ఫ్రేములు తీశాను. ఇంటికొచ్చి పెద్ద తెరమీద చూస్తే, చిరుత ముఖానికి అడ్డంగా ఉన్న ఎండుపుల్ల మీద ఫోకస్ కత్తిలా కూర్చుంది. దాని బెరడు మీది పగుళ్లు లెక్కపెట్టొచ్చు. కళ్లేమో మసక. ఫోకస్ సరిగ్గా పడ్డ పది పన్నెండు ఫ్రేముల్లో కూడా ఏది చిరుత మచ్చో, ఏది ఆకునీడో, ఏది ఎండపొడో తేల్చుకోలేకపోయాను. వెనక పొద అంతా గజిబిజి. ఎండపొడ పడ్డచోటల్లా తెల్లగా కాలిపోయింది.

అదేరోజు మధ్యాహ్నం ఓ కొండముచ్చు. ముఖం బొగ్గులా నల్లగా, ఒంటి వెంట్రుకలు తెల్లటి ముద్దలా వచ్చాయి. మధ్యలో ఏ వివరమూ లేదు.

కెమెరా ఫుల్ ఫ్రేమ్ (36 మి.మీ. వెడల్పు సెన్సర్), లెన్స్ 100-400 ఎంఎం జూమ్, 400 దగ్గర అపర్చర్ (వెలుగు లోపలికొచ్చే కంత) ఎఫ్ 5.6. ఎఫ్ అంకె తగ్గేకొద్దీ కంత పెద్దది. అపర్చర్ ప్రయారిటీ (అపర్చర్ నేను పెడితే షటర్ కెమెరా ఎంచుకుంటుంది), ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ స్పందన) ఆటో, ఫోకస్ ఎక్కడ పడాలో కెమెరాయే ఎంచుకునే వెడల్పు ఏరియా. ఎఫ్ 2.8 టెలి లెన్స్ కొంటే ఈ గజిబిజి పోతుందా? లేక నేనే ఎక్కడో తప్పు చేస్తున్నానా?

#2 పాతలెన్స్

లెన్స్ సంగతి పక్కన పెట్టండి. రెండు ప్రశ్నలు. ఆ ఎండుపుల్ల మీకు దగ్గరగా ఉందా, చిరుతకు దగ్గరగా ఉందా? వెనక పొద చిరుతకు ఎంత దూరం? ఈ రెండూ తెలిస్తే సగం జవాబు దొరికినట్టే.

#3 తుప్పలదారి

పుల్ల చిరుతకే దగ్గర, ఒక రెండు మీటర్ల ముందు ఉంటుందేమో. వెనక పొద కూడా అంతే, రెండు మీటర్లు. పొదలోనే పడుకుంది అనాలి.

#4 అంగుళం

అయితే లెక్క వేసి చూద్దాం. నాకు ఇలాంటివి కాగితం మీద పెట్టుకుంటేనే అర్థమవుతాయి.

400 ఎంఎం, ఎఫ్ 5.6, దూరం 20 మీటర్లు. స్పష్టంగా కనబడే లోతు ముందూ వెనకా కలిపి సుమారు 85 సెం.మీ. ఎఫ్ 2.8 పెడితే అది 42 సెం.మీ. అవుతుంది. పడుకున్న చిరుత మూతి నుంచి తోకదాకా అంతకన్నా చాలా పొడవు. లోతు తగ్గించుకుని మీరు బాగుపడేది అంతగా లేదు.

ఇప్పుడు వెనక పొద. రెండు మీటర్ల వెనకున్న ఒక చుక్క సెన్సర్ మీద ఎంత పెద్ద మసకబిళ్లగా విచ్చుకుంటుందో చూస్తే, ఎఫ్ 5.6 దగ్గర సుమారు 0.13 మి.మీ. ఎఫ్ 2.8 దగ్గర దానికి రెట్టింపు, 0.26. సెన్సర్ వెడల్పు 36 మి.మీ. కాబట్టి రెండూ చిన్నవే. ఆకులు ఆకుల్లాగే కనిపిస్తాయి, కాస్త అంచులు మెత్తబడతాయి, అంతే. నిజానికి ఇదే అన్నిటికన్నా చూడ్డానికి బాగోని స్థితి. స్పష్టంగానూ ఉండదు, కరిగిపోనూ పోదు.

అదే చిరుత, అదే ఎఫ్ 5.6, వెనకున్న చెట్లు 20 మీటర్ల అవతల ఉన్నాయనుకోండి. మసకబిళ్ల 0.7 మి.మీ. దాటుతుంది. మీ చేతిలో ఉన్న లెన్స్‌తోనే, ఖరీదైన లెన్స్ ఇచ్చేదానికి రెండున్నర రెట్లు.

ఇక ముందున్నవి. కెమెరాకు ఒక మీటరు దూరంలో గడ్డిపరక అడ్డొస్తే అది సెన్సర్ మీద సుమారు 27 మి.మీ. మేర పరుచుకుంటుంది. అంటే ఫ్రేములో మూడువంతులు. పలచటి పొగలా మారి కాంట్రాస్ట్ (వెలుగునీడల తేడా) కొద్దిగా తగ్గిస్తుంది తప్ప గడ్డిపరకలా కనిపించదు. మీ పుల్ల మాత్రం చిరుతకు రెండు మీటర్ల ముందుంది. దాని మసక 0.16 మి.మీ. మాత్రమే. ఏ అపర్చరూ దాన్ని మాయం చేయలేదు.

#5 నిదానం

అంగుళం గారు చెప్పినదానికి కొనసాగింపు. నేను ఇరవై ఏళ్లుగా అడవులు తిరుగుతున్నాను, నాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది ఒక అడుగు పక్కకు జరగడం. అయితే ఏది జరిగితే పోతుంది, ఏది పోదు అన్నది తెలియాలి. లేకపోతే ఊరికే అటూఇటూ కదిలి జంతువును బెదరగొట్టినవాళ్లమవుతాం.

చిరుత 20 మీటర్ల దూరంలో ఉంది. మీరు ఒక అడుగు, అంటే 30 సెం.మీ. కుడికి జరిగారు. మీకు ఒక మీటరు ముందున్న రెమ్మ చిరుత మీదనుంచి దాదాపు ఐదున్నర మీటర్ల అవతలికి వెళ్లిపోతుంది. సగం దూరంలో, పది మీటర్ల దగ్గరున్న కొమ్మ సరిగ్గా 30 సెం.మీ. జరుగుతుంది. అది చాలు, కన్ను తెరుచుకుంటుంది. చిరుతకు రెండు మీటర్ల ముందున్న మీ ఎండుపుల్ల మాత్రం మూడు సెంటీమీటర్ల పైచిలుకే జరుగుతుంది. కన్నుమీంచి ముక్కుమీదికి వస్తుంది. అంతే.

కాబట్టి నాకు దగ్గరున్న అడ్డం నేను కదిలితే పోతుంది. జంతువుకు దగ్గరున్న అడ్డం జంతువు కదిలితేనే పోతుంది. రెండోరకం అయితే నేను కెమెరా దించేసి ఊరికే చూస్తూ కూర్చుంటాను. తల ఎత్తడం, ఆవులించడం, చెవి తిప్పి ఇటు చూడటం, వీటికోసం కాచుకోవాలి. మీరు 140 ఫ్రేములు తీశారు కదా, ఆ అరగంటలో తల ఎత్తిందెన్నిసార్లు?

వెనకవైపుకి కూడా ఇదే లెక్క. చిరుతకు 20 మీటర్ల వెనక చెట్ల సందులో తెల్లటి ఆకాశపు ముక్క సరిగ్గా చెవి వెనక పడిందనుకోండి. అడుగు జరిగితే అది చెవినుంచి 15 సెం.మీ. పక్కకు పోతుంది. వాహనంలో ఉంటే సీటులో ఈ చివరినుంచి ఆ చివరికి జరిగినా సరిపోతుంది. నిలువునా అయితే ఇంకా మేలు. లెన్స్ దించితే గడ్డి ముందుకొచ్చి మెత్తటి తెరలా మారుతుంది, వెనకనున్న నేల వెళ్లిపోయి దూరపు చెట్లు వస్తాయి. కొంచెం ఎత్తితే ముందు పొద దిగిపోతుంది, కానీ వెనక ఎండుటాకుల నేల మొత్తం కనిపిస్తుంది. రెండూ చూసుకుని ఎంచుకోవాలి.

#6 తుప్పలదారి

నిదానం గారూ, రెండుసార్లు తల ఎత్తింది. రెండుసార్లూ బఫర్ (కెమెరా లోపలి తాత్కాలిక మెమరీ) నిండిపోయి కెమెరా కార్డులోకి రాసుకుంటూ ఉంది. ఆ సంగతి ఇప్పుడు గుర్తొస్తే బాధగా ఉంది.

#7 నిదానం

బాధపడకండి. పడుకున్న జంతువుకి సెకనుకి పది ఫ్రేములు అక్కర్లేదు. ఒకటి తీయండి, ఆగండి, చూడండి. బఫర్ ఖాళీగా ఉంచుకోండి.

#8 పాతలెన్స్

ఫోకస్ గురించి నేను చెప్తాను.

వెడల్పు ఏరియా అడవికి కాదు. అది సాధారణంగా దగ్గరగా, కాంట్రాస్ట్ ఎక్కువగా ఉన్నదాన్ని పట్టుకుంటుంది. నీళ్లమీద బాతు తప్ప ఇంకేమీ ఉండదు కాబట్టి అక్కడ పనిచేసింది. తుప్పల్లో ఎండపడ్డ పుల్లకి ఉన్నంత కాంట్రాస్ట్ నీడలోని కంటికి ఉండదు. ఒక్క పాయింట్ పెట్టుకోండి, వీలైతే అన్నిటికన్నా చిన్నది. దాన్ని పుల్లల మధ్య సందులో పెట్టండి. కన్నే దొరకాలని లేదు. కన్ను ఉన్న దూరంలోనే ఉండే చెంప, మెడ, ముందుకాలు ఏది సందులో కనబడితే అది. పైన అన్నట్టు మీకు 85 సెం.మీ. వెసులుబాటు ఉంది కదా.

కొత్త కెమెరాల్లో జంతువుల కన్ను గుర్తించే సదుపాయం బాగుంటుంది, కానీ కంటికి అడ్డంగా పుల్ల ఉంటే కన్ను గుర్తుపట్టి కూడా పుల్లమీదే ఫోకస్ వేసిన సందర్భాలు నేను చాలా చూశాను. తెరమీద కంటిచుట్టూ గడి వెలిగింది కదా అని నమ్మొద్దు. ఒక ఫ్రేము తీసి, వందశాతం పెద్దది చేసి చూసి, అప్పుడు మిగతావి.

ఫోకస్‌ని షటర్ బటన్ నుంచి తీసేసి వెనక బటన్‌కి ఇవ్వండి. ఒకసారి సరిగ్గా పడ్డాక బొటనవేలు తీసేస్తే, మీరు ఎన్నిసార్లు నొక్కినా అది కదలదు. పడుకున్న జంతువుకి ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. అదీ కుదరకపోతే రింగు చేత్తో తిప్పండి. చాలా టెలి లెన్సుల్లో ఆటోలో ఉండగానే రింగు తిప్పి సరిదిద్దుకోవచ్చు, కొన్నిటికి మెనూలో ఆ సదుపాయం ఆన్ చేసుకోవాలి.

నడుస్తున్న జంతువైతే వేరు. చెట్టు అడ్డొచ్చిన ప్రతిసారీ ఫోకస్ చెట్టుమీదికి దూకుతుంది. ట్రాకింగ్ ఎంత త్వరగా కొత్తదానికి మారాలో చెప్పే సెట్టింగు మెనూలో ఉంటుంది, పేరు ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. దాన్ని ఆలస్యంవైపు జరపండి. చెట్టు దాటి జంతువు బయటికొచ్చేదాకా కెమెరా ఓపిక పడుతుంది.

#9 వెలుగునీడ

అందరూ పొద గురించి, ఫోకస్ గురించి చెప్పారు. నాకు ఎండ గురించి చెప్పాలని ఉంది. ఎందుకంటే తుప్పలదారి గారు ఈ రెండిటినీ రెండు వేర్వేరు కష్టాలుగా చూస్తున్నారు. నా అనుభవంలో ఈ రెండింటినీ ఒకదానిమీదికి ఒకటి ఉసిగొల్పవచ్చు.

ముందు ఒక సంగతి. అమెరికా చిత్రకారుడు ఆబట్ థాయర్ 1896లో ఒక వ్యాసం రాశారు. జంతువుల వీపు ముదురుగా, పొట్ట లేతగా ఎందుకుంటుందో అందులో వివరించారు. వెలుగు పైనుంచి పడుతుంది కాబట్టి వీపు మెరవాలి, పొట్ట నీడపడాలి. వీపు ముదురు, పొట్ట తెలుపు అయ్యేసరికి ఆ తేడా చెల్లిపోయి ఒళ్లు గుండ్రంగా కాకుండా బల్లపరుపుగా కనిపిస్తుంది. కంటికి ఆనదు. జింకను చూడండి, అచ్చం అంతే. అంటే ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు మనం పోరాడేది వెలుగుతో ఒక్కదానితోనే కాదు, ఆ ఒంటి రంగుల అమరికతో కూడా. పైవెలుగులోనే అది బాగా దాక్కోగలదు. మన కెమెరాకి బల్లపరుపుగా దొరకడంలో వింతేముంది?

ఆ వెలుగు పక్కనుంచో వెనకనుంచో వస్తే ఈ అమరిక చెదిరిపోతుంది. ఒళ్లు మళ్లీ గుండ్రమవుతుంది, అంచు వెలుగుతుంది. పొద్దున్నే, సాయంత్రమే తీయమని అందరూ చెప్పే మాట వెనక బంగారు రంగు ఒక్కటే లేదు, ఇదీ ఉంది.

ఇక మధ్యాహ్నం ఏం చేయాలి? లెక్క ఇది. పూర్తి ఎండలో ఐఎస్ఓ 400, ఎఫ్ 5.6 దగ్గర 1/3200 సెకను షటర్ సరిపోతుంది. అదే దట్టమైన చెట్టునీడలో వెలుగు నాలుగైదు స్టాపులు తక్కువ, ఒక్కో స్టాపుకీ వెలుగు సగమవుతుంది. అంటే ఎండలో ఉన్నదానికి సరిగ్గా ఎక్స్‌పోజ్ చేస్తే, నీడలో ఉన్నది దాదాపు నలుపైపోతుంది. మీరు తలపట్టుకున్న ఆ గజిబిజి పొద ఉంది చూశారూ, అది నీడలో ఉంటే చీకట్లో కలిసిపోతుంది.

అందుకే నేను మధ్యాహ్నం జంతువు వెంట వెళ్లను. చోటు వెతుక్కుంటాను. ముందు ఎండపడే జాగా, వెనక లోతైన నీడ. దారి దాటే చోటో, నీళ్లకు దిగే చోటో అలాంటిది దొరికితే అక్కడే ఉంటాను. జంతువు ఆ వెలుగులోకి అడుగుపెట్టినప్పుడు తీయడమే. మాన్యువల్ ఎక్స్‌పోజర్, ముందుగానే ఆ జాగాలోని ఎండుగడ్డిమీద చూసి పెట్టుకున్నది. ఆటోలో ఉంచితే కెమెరా నీడను చూసి కంగారుపడి అంతా వెలిగించేస్తుంది, మీ చిరుతమీది ఎండపొడలు కాలిపోయింది అందుకే.

#10 కొండగాలి

వెలుగునీడ మేడం చెప్పింది నిలబడ్డ జింకకి సరే. చిరుత ఆకుల కింద పడుకుని, ముఖం నిండా ఎండపొడలుంటే? అది ఎలా తీసినా బాగోదు. నేనైతే అలాంటప్పుడు కెమెరా ఎత్తను. ఒక కన్ను కాలిపోయి, ఒక కన్ను గుంటలో ఉన్న ఫొటో ఎవరికి కావాలి?

#11 అంగుళం

వదిలేసేముందు ఒక్క రెండు నిమిషాలు ఆగి చూడండి కొండగాలి గారూ.

ఆకుల సందులోంచి నేలమీద పడే ఎండపొడలు గుండ్రంగా ఉంటాయి, గమనించారా? సందు ఏ ఆకారంలో ఉన్నా సరే. అవి సందు ఆకారాలు కావు, సూర్యుడి ప్రతిబింబాలు. చిన్న సందు పిన్‌హోల్ కెమెరాలా పనిచేస్తుంది. సందు ఎంత ఎత్తులో ఉంటే దానిలో సుమారు 108వ వంతు బిళ్ల పడుతుంది. పది మీటర్ల ఎత్తునున్న కొమ్మల్లోంచి వచ్చే పొడ సుమారు 9 సెం.మీ. అంటే చిరుత కన్ను, చెంప కలిపి కప్పేంత.

ఇప్పుడు అసలు విషయం. సూర్యుడు ఆకాశంలో నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ జరుగుతాడు. ఆ పది మీటర్ల కొలతకు ఎండపొడ నిమిషానికి నాలుగు సెంటీమీటర్ల చొప్పున పాకుతుంది. రెండు నిమిషాలు దాటేసరికి బిళ్ల తన వెడల్పంత పక్కకు జరిగిపోతుంది! చిరుత కదలకపోయినా వెలుగు కదులుతుంది. కన్నుమీది పొడ నుదుటికి పోవచ్చు, నీడలో ఉన్న కంట్లోకి కొత్తది రావచ్చు. తుప్పలదారి గారు అరగంట ఉన్నారు. ఆ అరగంటలో ఆ ముఖంమీద వెలుగు పదిసార్లకు పైగా మారి ఉంటుంది.

గాలి వీస్తే పొడలు ఊగుతాయి కూడా. అప్పుడు వరసగా ఐదారు తీస్తే ఒకదాంట్లో ముఖం శుభ్రంగా దొరుకుతుంది.

#12 కొండగాలి

ఇది నాకు తెలియదు. ఎండపొడ జరగడం చూస్తూనే ఉన్నాను గానీ ఇలా కొలిచి ఎప్పుడూ అనుకోలేదు. ఈసారి ఆగి చూస్తాను. మబ్బు తునక కోసం ఆగడం మాత్రం నాకు అలవాటే, చిన్న మబ్బు అడ్డొచ్చినా ఆ అరనిమిషంలో ముఖమంతా ఒకే వెలుగులోకి వస్తుంది.

#13 తుప్పలదారి

మరి కొండముచ్చు సంగతి? నల్లముఖం, తెల్లవెంట్రుకలు. అలాగే, పోలరైజర్ ఫిల్టర్ వాడితే ఆకుల మెరుపు తగ్గుతుందంటారు, నిజమేనా?

#14 వెలుగునీడ

కొండముచ్చుకి వెంట్రుకలు కాలిపోకుండా కాపాడండి, ముఖాన్ని తర్వాత కంప్యూటర్లో వెలిగించుకోవచ్చు. తెల్లగా కాలిపోయినచోట ఫైల్లో ఏమీ ఉండదు, దేన్నీ వెనక్కి తేలేం. నీడలో మాత్రం చాలా దాగి ఉంటుంది, రా ఫైల్ (సెన్సర్ పట్టింది పట్టినట్టే ఉండే ఫైలు) అయితే. ఐఎస్ఓ తక్కువ ఉన్నకొద్దీ ఎక్కువ దాగి ఉంటుంది. ఐఎస్ఓ రెట్టింపు చేసిన ప్రతిసారీ సెన్సర్ పట్టుకునే వెలుగునీడల మేర సుమారు ఒక స్టాపు కుంచించుకుపోతుంది. మధ్యాహ్నం ఎండలో వెలుగుకి కొదవలేదు, ఆటో ఐఎస్ఓ 1600కి ఎక్కిపోకుండా చూసుకోండి. హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు ఎంతెంత ఉందో చూపే గ్రాఫ్) కుడి గోడకు దగ్గరగా రావాలి, తగలకూడదు. కొన్ని కెమెరాల్లో హైలైట్ వెయిటెడ్ మీటరింగ్ (తెల్లటి చోట్లు కాలిపోకుండా వెలుగు కొలిచే పద్ధతి) ఉంటుంది, ఇలాంటప్పుడు అది నిజంగా పనికొస్తుంది.

ఇంకో దారి ఉంది. కొండముచ్చుకి అవతల సూర్యుడు ఉండేలా మీరు ఇటువైపు రండి. వెనక నీడ ఉండాలి. అప్పుడు తెల్లవెంట్రుకలే వెలుగు అంచుగా మారతాయి, ముఖమంతా ఒకే మెత్తటి నీడలో ఉంటుంది. ముఖంలో వివరం ఎండలోకన్నా అక్కడే బాగా కనిపిస్తుంది.

#15 పాతలెన్స్

పోలరైజర్ ఆకుల మీది తెల్లమెరుపు తగ్గిస్తుంది, పచ్చదనం నిండుగా వస్తుంది. నిజమే. సూర్యుడికి లంబకోణంలో ఉన్నప్పుడు ఎక్కువ, సూర్యుడి ఎదురుగానో వీపువైపునో ఉంటే తక్కువ. ఒకటి నుంచి రెండు స్టాపులు తినేస్తుంది. నీడలోకి వెళ్లగానే ఫిల్టర్ విప్పేయాలి, ఆ హడావిడిలో జంతువు పోతుంది. కంట్లోని మెరుపుచుక్కని కూడా తగ్గించవచ్చు. నేను మానేశాను.

#16 కొండగాలి

ఫ్లాష్ ఎవరూ ఎత్తలేదేం? పొద గజిబిజిని చీకట్లో కలిపేయడానికి అన్నిటికన్నా పాత పద్ధతి అదే కదా. జార్జ్ షైరస్ రాత్రుళ్లు పడవలో వెళ్లి మెగ్నీషియం పొడి వెలిగించి జింకల్ని తీశాడు. 1906 జూలైలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ఆయన ఫొటోలు 74 వేసింది. ఆ ఫొటోల్లో జంతువు వెలిగి ఉంటుంది, వెనకంతా నలుపు. ఫ్లాష్ వెలుగు దూరం పెరిగేకొద్దీ వర్గంలో పడిపోతుంది. జంతువు ఐదు మీటర్ల దగ్గర, పొద పదిహేను మీటర్ల దగ్గర ఉంటే పొదకి తొమ్మిదోవంతే అందుతుంది.

#17 నిదానం

చరిత్రగా గొప్పదే. కానీ దాన్ని ఇప్పుడు చేయమని నేను ఎవరికీ చెప్పను. ఆ వెలుగు పడ్డాక గుడ్లగూబ కళ్లు మళ్లీ చీకటికి అలవాటుపడే ఆ కాసేపు దాని వేట పోతుంది, లేదా అదే వేరేదానికి వేట అవుతుంది. ఎక్కువ అడవుల్లో ఫ్లాష్ నిషేధం కూడా. మనకు కావలసిన నల్లటి వెనకతెర వెలుగునీడ గారు చెప్పిన పద్ధతిలో పగలే దొరుకుతుంది, ఎవరి కళ్లూ చెదరకుండా.

దీనితోపాటే ఇంకోమాట. గూటి ముందున్న రెమ్మను తుంచడం, పుల్లను పక్కకు కట్టడం. దయచేసి ఎవరూ చేయొద్దు. మనకు అడ్డమైన ఆ రెమ్మే పిల్లలకు ఎండనుంచి నీడ, గద్ద కంటపడకుండా చాటు. ఒకసారి నా కళ్లముందే ఒకాయన గూటికి అడ్డున్న కొమ్మ వంచి తాడుతో కట్టాడు. తల్లిపిట్ట గంటసేపు చుట్టుపక్కల ఎగిరింది, గూటికి రాలేదు. ఆయన్ని ఒప్పించి తాడు విప్పించేసరికి ఎండ నేరుగా గూటిలో పడుతోంది. పిల్లలు నోళ్లు తెరుచుకుని మెడలు వేలాడేసి ఉన్నాయి. ఆ దృశ్యం ఇప్పటికీ మర్చిపోలేను.

#18 రెమ్మ

నేను కొత్త. కొమ్మ తుంచకూడదు సరే. కంప్యూటర్లో తీసేస్తే? ఇప్పుడు ఒక్క గీత గీస్తే పుల్ల మాయమైపోతోంది కదా.

#19 అంగుళం

మీ ఇంట్లో గోడకు పెట్టుకోవడానికైతే మీ ఇష్టం. పోటీలకి, పత్రికలకి కుదరదు. వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ పోటీ నిబంధనల్లో ఫొటోలో ఉన్నదాన్ని తీసేయడం, లేనిదాన్ని చేర్చడం కుదరదని ఉంటుంది, చివరి దశకు వచ్చినవాళ్లని మూల ఫైలు అడుగుతారు. పుల్ల తీస్తే దాని వెనక దాగిన మీసాలు, కనురెప్ప యంత్రం ఊహించి గీసినవి. అవి ఆ జంతువువి కావు.

వెలుగు సర్దుకోవడం వేరు. వెనకనున్న వెలుగు మచ్చల్ని మాస్క్ వేసి (ఆ చోటు మాత్రమే ఎంచుకుని) ఒక స్టాపు దించడం, పచ్చరంగు నిండుదనం కాస్త తగ్గించడం, జంతువుమీద కొంచెం ఎత్తడం, ఇవి నేనూ చేస్తాను. బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చేటప్పుడు పులి, జింక లాంటి ఎర్రటి ఒళ్లకి నారింజరంగు స్లైడర్ పైకి, ఆకుపచ్చ కిందికి జరిపి చూడండి. రంగుల్లో కలిసిపోయిన జంతువు నల్లటి ఆకుల మధ్య వెలిగి వస్తుంది.

#20 వెలుగునీడ

రెమ్మ గారూ, ఇంకో కోణం. పుల్లలన్నీ పోవాలని ఎందుకనుకోవాలి? 2020లో ఆ పోటీ గెలిచిన సెర్గీ గోర్ష్‌కోవ్ ఫొటో చూడండి. రష్యా తూర్పు అడవుల్లో ఆడపులి ఒక ముసలి చెట్టును కావలించుకుని ఒళ్లు రుద్దుకుంటోంది. చుట్టూ అడవి మొత్తం ఉంది. చెట్లు, నేల, కొమ్మలు, అన్నీ. వెనకది కరిగించి పారేయలేదు. పులి ఎక్కడుందో కన్ను వెంటనే పట్టేస్తుంది, ఎందుకంటే తక్కువ ఎత్తునుంచి వచ్చిన వెచ్చటి వెలుగు సరిగ్గా పులిమీద పడింది. ఆ చెట్టు ఎదురుగా కదలికను గుర్తించే కెమెరా అమర్చి, నెలల తరబడి ఎదురుచూశారు.

నేనిప్పుడు 400తోపాటు చిన్న లెన్స్ కూడా పెట్టుకుంటున్నాను. పొద ఎటూ పోనప్పుడు, ఎఫ్ 8కో 11కో మూసి, పొదను కూడా బొమ్మలోకి తీసుకుంటాను. అప్పుడు ఒకటే చూసుకోవాలి. జంతువు తల చుట్టూ కొద్దిపాటి ఖాళీ. కొమ్ముల వెనక కొమ్మలుండకూడదు, చెవి అంచు చెట్టుమానును తాకకూడదు. తల విడిగా నిలిస్తే చాలు, మిగతా ఒళ్లు ఎంత పొదలో ఉన్నా చూసేవాళ్లు తమంతట తామే పూర్తిచేసుకుంటారు.

#21 తుప్పలదారి

మూడువారాల తర్వాత మళ్లీ రాస్తున్నాను. ఈసారి రెండురోజులు వెళ్లాను. చిరుత కనబడలేదు.

మొదటిరోజు పదకొండింటికి వెలుగునీడ గారు చెప్పినలాంటి చోటు వెతుక్కున్నాను. పెద్ద చెట్లగుంపు, దాని ముందు మంచం వేసేంత మేర ఎండ. ఎండుగడ్డిమీద చూసి 1/2500, ఎఫ్ 5.6, ఐఎస్ఓ 400 పెట్టుకున్నాను. గంటన్నరకు జింకల గుంపు వచ్చింది. ఏడు దాటిపోయాయి, తలలు దించుకుని. ఎనిమిదోది ఎండలోకి వచ్చి ఆగి, ఇటు తిరిగి చూసింది. చెవుల అంచున సన్నటి వెంట్రుకలు ఒక్కొక్కటీ వెలుగుతున్నాయి, చెవి లోపల ఎర్రటి నరాలు కనిపిస్తున్నాయి. వెనక చెట్లగుంపు మొత్తం నలుపు. ఒంటి పాయింట్‌తో మూడు ఫ్రేములు. మూడిట్లోనూ కన్ను స్పష్టంగా ఉంది. తెరమీద చూసి కాసేపు మాట రాలేదు.

కొండముచ్చుని కూడా వెనకవెలుగులో తీశాను. ముఖంలో ముడతలు, కనుబొమల వెంట్రుకలు అన్నీ ఉన్నాయి.

గుడ్లగూబ ఒకటి కొమ్మల్లో ఉంది. ముఖానికి అడ్డంగా రెమ్మ, నాకు దగ్గరగా, ఆరేడు మీటర్ల దగ్గర. రెండడుగులు పక్కకు జరిగాను. పోయింది. ఎండపొడ మాత్రం సరిగ్గా ఎడమకంటి మీద ఉంది. గడియారం చూసుకుని ఆగాను. మూడో నిమిషంలో పొడ రెక్కమీదికి దిగింది.

ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. రెండోరోజు మధ్యాహ్నం, మైదానం అవతల 150 మీటర్ల దగ్గర అడవిదున్న. అడ్డం ఏమీ లేదు, 1/2000, ఫోకస్ సరిగ్గా ఉంది. ముప్పై ఫ్రేముల్లో ఒక్కటీ స్పష్టంగా లేదు. కొమ్ముల అంచు ఒక్కో ఫ్రేములో ఒక్కో వంకర. లెన్స్ పాడైందా?

#22 పాతలెన్స్

లెన్స్ బాగానే ఉంది. అది వేడిగాలి. కాలిన నేలమీంచి లేచే గాలి ఒక్కోచోట ఒక్కో సాంద్రతలో ఉండి వెలుగును వంచుతుంది, అందుకే కొమ్ము ఒక్కో ఫ్రేములో ఒక్కోలా ఉంది. ఏ షటరూ, ఏ లెన్సూ దాన్ని ఆపలేవు. టెలికన్వర్టర్ (లెన్స్‌కీ కెమెరాకీ మధ్య పెట్టి బొమ్మను పెద్దది చేసేది) పెడితే ఆ వంకర ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది, అంతే. వాహనం బానెట్ మీదుగా తీస్తే ఇంజను వేడి కూడా కలుస్తుంది, ఇంజను ఆపి పక్క కిటికీలోంచి తీయండి. అంతదూరంలో ఉన్నదాన్ని పొద్దున ఏడు లోపల తీయాలి, నేల వేడెక్కకముందు.

#23 నిదానం

ఆ జింక ఫొటోలో ఎడమ చెవి వెనక చిన్న తెల్లచుక్క ఉందా, చెట్ల సందులోది? ఉంటే పర్వాలేదు. మళ్లీసారి అదే చోటికి వెళ్తే అరడుగు కుడికి కూర్చోండి. ఫొటో పెట్టండి, చూడాలని ఉంది.

#24 తుప్పలదారి

ఉంది! కుడి చెవి వెనక. వచ్చే ఆదివారం మళ్లీ అక్కడికే వెళ్తున్నాను. ఫొటోలు ఈ రాత్రికి పెడతాను.